దండెం కింద పెళ్లిచూపులు

ఆక్లాండ్‌లో మౌంట్ రాస్కిల్ వాస్తవ్యులు కృష్ణారావు గారి కుమార్తె స్పందనకు, దేశానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ కాపురస్థులు జనార్ధనరావు గారి కుమారుడు దుర్గేష్‌తో గత ఆదివారం లాప్‌టాప్‌లో పెళ్లిచూపులు దిగ్విజయంగా జరిగాయని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. విమానమెక్కితే పూటలో చేరిపోవచ్చు. కానీ చదువుకున్నవాళ్లు అంత తేలిక పనులు చేయరు.

కృష్ణారావు గారింట్లో ఫోన్ తీగ మీద నడిచే ఇంటర్నెట్ ఉంది. సలహాదారు ఈశ్వరరావు దాన్ని చూసి జాలిపడ్డాడు.

"అంకుల్, రెండువేల ఎనిమిదిలో ఇంకా గోడకి కట్టేసుకుని కూర్చుంటారా? వైర్‌లెస్‌కి మారండి!"

మార్గాలు మూడని బోధించాడు. లాప్‌టాప్ పక్కన దూర్చే కార్డుకు కృష్ణారావు గారి యంత్రంలో కన్నం లేదు. సెల్‌ఫోన్‌ను తగిలిస్తే, మధ్యలో ఎవరైనా ఫోన్ చేసినప్పుడు పెళ్లికొడుకు మాయమవుతాడు. కనుక గాల్లోంచి ఇంటర్నెట్ పట్టే వేలెడంత స్టిక్ ఏకగ్రీవంగా ఎన్నికైంది.

స్పందన మాత్రం ఒక్కటే అంది. "ఏదైనా కొనుక్కోండి నాన్నా. నా ఉద్యోగం మానననీ, ఆక్లాండ్ వదిలి రాననీ వాళ్లకి వినపడితే చాలు."

స్టిక్ హాల్లో పలకలేదు, వంటింట్లో పలకలేదు. పెరట్లో గుండ్రంగా తిరిగే బట్టల దండెం కొమ్మకు కట్టగానే సిగ్నల్ గీతలు నాలుగూ వెలిగాయి. అక్కణ్నుంచి లాప్‌టాప్‌కు పొడుగాటి తీగ లాగారు. వైర్‌లెస్‌కు తీగెందుకని అడక్కండి, నేనడిగి తిట్లు తిన్నాను.

ఇన్వర్‌కార్గిల్ వారు తెరమీదికి వచ్చారు. ఇంతలో గాలి లేచింది. దండెం తిరిగింది. తీగ తెగకుండా లాప్‌టాప్ పట్టుకుని కృష్ణారావు గారు తిరిగారు. కెమెరాకు ఎదురుగా ఉండాలి కనుక పట్టుచీరలో స్పందన కుర్చీతో సహా తిరిగింది.

"ఆగండి, ఏడడుగులు ఇవాళే అయిపోయేట్టున్నాయి!" అని తల్లి శకుంతలమ్మ గోల పెట్టింది.

దండెం గోడవైపుకొచ్చి ఆగింది. గీతలు ఒకటికి పడిపోయాయి. చెప్పులో చిక్కిన కుచ్చిళ్లు తీసుకుంటూ తల వంచిన స్పందన బొమ్మ, ఇన్వర్‌కార్గిల్‌లో అలాగే బిగుసుకుపోయింది. ఇక్కడ ఆమె తన మాట చెబుతూనే ఉంది. అక్కడికి అక్షరం చేరలేదు. అటు జనార్ధనరావు గారి మాట మాత్రం ఇటు వినిపించింది.

"ఆహా, ఏం అణకువ బావగారూ! తలెత్తలేదు, ఎదురుమాట లేదు. ఖాయం చేసుకోండి!"

అంతలో గాలి తగ్గి దండెం మొదటి చోటికి వచ్చింది. బొమ్మ కదిలింది, తలెత్తింది.

"నేను ఉద్యోగం మాననండీ. దుర్గేష్ గారు ఇక్కడికి రాగలరా?"



"బావగారూ," అన్నారు జనార్ధనరావు గారు, "మీ సిగ్నల్ పాడైనట్టుంది. ఇందాక బాగా వచ్చింది."

కాబోయే వియ్యంకుడి మాట కాదంటే మర్యాదా? కృష్ణారావు గారు లాప్‌టాప్ కింద పెట్టి దండేన్ని గోడవైపుకు తిప్పసాగారు. గాలికి బిగుసుకుంది కాబోలు, కదల్లేదు. పెద్దలందరం తలో చెయ్యి వేశాం.

మీరుంటే మీరూ వేసేవారు.