శంకర్రావు గారి కొత్త ఆసనం

నాందేడ్‌లో తరోడా వైపు కాపురముండే శంకర్రావు గారు, కచేరీలో హెడ్‌క్లర్కుగా రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చున్న కొన్నాళ్లకు తిరిగి ఒక ఉన్నత స్థానాన్ని అలంకరించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ స్థానం ఇంట్లోని వాషింగ్ మిషిన్ పైభాగం.

ఆ పదవి ఏర్పడిన విధం ఇది. బట్టలు పిండే వేళకు ఆ మిషిన్‌కు పూనకం వచ్చేది. గడగడ వణుకుతూ గోడను విడిచి వంటింటి గడప దాకా నడిచొచ్చేది. కింది వాటావాళ్లు కర్రతో కప్పు పొడిచేవారు. ఒకనాడు శంకర్రావు గారు కంగారులో దాని మీదికెక్కి కూర్చున్నారు. వణుకు తగ్గలేదు గానీ నడక ఆగింది. "మామా, మీరు కూసుంటెనే ఆగింది సూడుండ్రి!" అంది కోడలు కోమల్. తాను కూర్చున్నందువల్ల ఒక పని జరగడం శంకర్రావు గారి సర్వీసు మొత్తంలో అదే మొదలు.

ఆనాటి నుంచి ఆయనకు తీరిక లేదు. చాయ పైకే అందించేవారు. సగం పైజామా మీద ఒలికేది. ఆ పైజామా మళ్లీ మిషిన్‌లోకే పోయేది గనుక పనికి కొరత రాలేదు. బంధువుల పెళ్లికి పిలిస్తే "బట్టలున్నయి" అని మానుకున్నారు.

ధర్మాబాద్ నుంచి కోమల్ తండ్రి, వియ్యంకుడు భోజన్న వచ్చి, "బావా, ఇప్పుడు ఖాళీగనే ఉంటున్నరా?" అని అడిగాడు. శంకర్రావు గారు మిషిన్ మీంచే జవాబిచ్చారు.

"ఖాళీ ఏడిది బావా? గీ ఇంటి బరువంత నా మీదనే ఉన్నది. నేను దిగిన్ననుకో, గిది ఎటు పోతదో ఎవలకెరుక? పొల్లగాండ్లకేం తెలుసు అనుభవమంటె!"

ఒళ్లంతా ఊగిపోతుండడంతో ఆ ఉపన్యాసానికి ఎక్కడలేని ఆవేశం వచ్చింది. భోజన్న మర్యాదగా తల ఊపాడు.

తండ్రి ముందు అలా జరిగినందుకు కోమల్‌కు సిగ్గేసింది. మర్నాడు ఫోన్‌లో ఒక వీడియో చూసి, పానా తెచ్చి, నేలకు ఆనకుండా ఉన్న మిషిన్ కాలును తిప్పింది. అంతే, మిషిన్ కదలడం మానేసింది. ఇంట్లో అందరూ సంతోషించారు. శంకర్రావు గారు అలవాటు కొద్దీ ఎక్కి కూర్చున్నారు.

"జర దిగుండ్రి మామా, బట్టలు తియ్యాలె," అంది కోమల్.

ఆయన దిగారు. రిటైరైన నాడు దండ వేసినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఆ పూట చాయ కూడా ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఇల్లు కునుకు తీస్తుండగా ఆయన మోకాళ్లు పటపటమంటుంటే వంగి, పానాతో ఆ కాలును వెనక్కి తిప్పారు. తలెత్తితే భార్య అనుసూయాబాయి నిలబడి ఉంది.

"తిప్పితె తిప్పిండ్రు గని, గంతగనం తిప్పకుండ్రి," అందామె నిమ్మళంగా. "అది బోర్లపడితె మిమ్ముల లేపేది మేమే."

మర్నాడు మిషిన్ వణికింది. "మామా, జల్ది రాండ్రి!" అని కేక వినబడింది. శంకర్రావు గారు పేపరు మడిచి, హోదాకు తగినంత ఆలస్యం చేసి వెళ్లారు.

ఇది చదివి నవ్వుకునే పెద్దలకు ఒక మనవి. తమరు కూర్చున్న చోటి నుంచి ఒక్కరోజు లేచి పక్కన నిలబడి చూడండి. తమరు లేకపోయినా అంతా నిమ్మళంగా నడుస్తున్నట్టయితే కంగారు పడకండి. పానా ఎక్కడుంటుందో తమకు తెలియనిది కాదు.