నేల మీద పైపు కనపడకూడదు

ఆ రోజు పొద్దున మేనేజరుగారు గడ్డం గీసుకుంటూ వేసుకున్న పథకం చాలా చిన్నది. కంపెనీ యజమాని పెద్దాయన ఇవాళ ఈ సోఫాల ఫ్యాక్టరీని చూడడానికి వస్తారు, తళతళలాడే నేలను చూసి మురిసిపోతారు, తనను హెడ్డాఫీసుకు బదిలీ చేస్తారు. అక్కడ ఏసీ గది, తిరిగే కుర్చీ. ఇక్కడ రంపపు పొట్టు, దూది.

"ఈసారైనా నోరు తెరిచి అడగండి," అంది భార్య, తువ్వాలు అందిస్తూ. "హెడ్డాఫీసున్న ఊళ్లోనే ఉంటున్న మా అక్కకి, మేమూ వచ్చేస్తున్నామని చెప్పేశాను."

"అడగక్కర్లేదే. ఆ నేల చూస్తే చాలు, ఆయనే ఇచ్చేస్తారు."

నేలంటే ఆయనకు ప్రాణం. పనివాళ్లు ఆయనకు చీపురు సారని పేరు పెట్టింది ఊరికే కాదు. సోఫాలకు పిన్నులు కొట్టే గన్నులూ, మరలు బిగించే మిషన్లూ అన్నీ గాలితో నడిచేవే. ఒక్కోదానికి ఒక్కో గాలి పైపు. అవన్నీ నేల మీద అడ్డదిడ్డంగా పడి ఉంటే ఆయనకు ముద్ద దిగేది కాదు.

అందుకే కిందటి వారం కొత్త పైపులు ఎంచే భారం తానే నెత్తికెత్తుకున్నారు. దుకాణంవాడు నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. వెంట వెళ్లిన మేస్త్రీ సన్నటి పైపునొకదాన్ని వంచి చూసి, "ఇది తేలిక సార్. చేతికి బరువు తెలీదు, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది," అన్నాడు.

"నేల మీద పడుకుంటుందా?"

"పైపు కదండీ, పడుకోక ఏం చేస్తుంది?"

"అయితే అక్కర్లేదు."

ఆయన చూపు చుట్టలు చుట్టుకున్న స్ప్రింగు పైపు మీద పడింది. లాగి వదిలారు. టక్కున ముడుచుకుంది. "చూశావా? వదిలితే తన చోటికి తనే పోతోంది. మీలో ఒక్కడికైనా ఉందా ఈ బుద్ధి?"

"కాస్త పొడుగువి తీసుకుంటే బాగానే ఉంటుంది సార్..."

"పొడుగువి వేలాడతాయి. పొట్టివీ లావువీ ఇవ్వవయ్యా," అన్నారు దుకాణంవాడితో. బరువూ, లాగుడూ, పట్టుకునేవాళ్ల మణికట్టూ లాంటి చిల్లర విషయాల జోలికి ఆయన పోలేదు. చీపురు సారుతో వాదించి గెలిచినవాడు ఆ ఫ్యాక్టరీలో ఇంకా పుట్టలేదు.

పెద్దాయన వచ్చే రోజు పొద్దున్నే ఆ పైపులను పైకప్పు దూలానికి బిగించారు. నేల అద్దంలా మెరిసింది. చీపురు సారు దాన్ని మూడుసార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూసుకున్నారు.

పని మొదలైన కాసేపటికే ఒకడు ముక్కు గోక్కుందామని గన్ను వదిలాడు. అది రివ్వున పైకి లేచి ట్యూబులైటును పగలగొట్టి, అందకుండా అక్కడే ఊగుతూ ఉండిపోయింది. దించడానికి నిచ్చెన వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ వదిలే సాహసం చేయలేదు. పైకి లాగేస్తున్న పైపులను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. టీ తెచ్చినామె అందరికీ నోట్లో పోసి, మూతులు తుడిచి వెళ్లింది. ముక్కు దురద పుట్టినవాళ్లు పక్కవాడి భుజానికి రాసుకున్నారు. అంతటి ఐకమత్యం ఆ ఫ్యాక్టరీ ఎన్నడూ ఎరగదు.

ఇంతలో పెద్దాయన తన పరివారంతో రానే వచ్చారు. ఎక్కడికి వెళ్లినా పనివాళ్లందరితో చేతులు కలపడం ఆయన అలవాటు. ఆ నిరాడంబరతను ఫొటో తీయడానికి వెంట ఒక మనిషి ఉంటాడు. మొదట సోఫాలకు బట్ట బిగించే ఆమె ముందు చెయ్యి చాపారు. ఆమె నవ్వింది, చెయ్యి ఇవ్వలేదు. రెండోవాడు మోచెయ్యి అందించాడు. మూడోవాడు తలకాయ ఊపి సరిపెట్టాడు.

ఇదంతా చూస్తున్న చీపురు సారుకు అర్థమైపోయింది. ఇది కుట్ర! తను ఇన్నాళ్లూ తిట్టిన తిట్లకు అందరూ కలిసి కసి తీర్చుకుంటున్నారు. పరుగున బట్ట బిగించే ఆమె దగ్గరికి వెళ్లారు.

"ఏమ్మా, నా కడుపు కొట్టకు. ఆయనకి చెయ్యిచ్చేయ్!"

"ఇవ్వొచ్చు సార్. ఇది వదిలితే ఆయన నెత్తి మీదుగా పోతుంది. పర్లేదంటారా?"

ఆయన పెద్దాయన బట్టతలను చూశారు. పైన పగిలిన లైటును చూశారు. "ఇలా తే, నేను పట్టుకుంటాను," అని గన్ను లాక్కున్నారు. ఆమె వేళ్లు విరుచుకుని, పెద్దాయనతో చేతులు కలిపి, ఫొటో దిగి, గబగబా బాత్రూము వైపు వెళ్లిపోయింది. పొద్దుట్నుంచీ ఆపుకుంది పాపం.

పెద్దాయన ఇటు తిరిగి చెయ్యి చాపారు. "ఏమయ్యా, బాగున్నావా?"

చీపురు సారు నవ్వారు. చెయ్యి ఇవ్వలేదు. జేబులో ఫోను మోగింది. ఎత్తలేదు.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లగా మెత్తబడింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూశారా? నేనొచ్చినా చేతిలో పని దించడం లేదు. ఫోనొచ్చినా ఎత్తడం లేదు. మేనేజరై ఉండి పిన్నులు కొడుతున్నాడు!"

"అది కాదు సార్, దీన్ని వదల్లేక..."

"తెలుసయ్యా! నిన్ను హెడ్డాఫీసుకి తీసుకుపోదామని ఆర్డరు కూడా రాయించుకొచ్చాను." జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు. "నీలాంటివాణ్ని కుర్చీలో కూర్చోబెడితే నాకు పాపం తగులుతుంది. రిటైరయ్యేదాకా నిన్ను ఇక్కణ్ణుంచి కదిలించను. ఈ పైపులు ఎంచింది నువ్వేనా? అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఇవే వేయిస్తాను!"

చీపురు సారుకు నిజంగానే ఏడుపొచ్చింది. చెంప మీద జారిన నీటిచుక్కను తుడుచుకునే వీలు కూడా లేదు. ఆనందబాష్పాలనుకుని పెద్దాయన వీపు తట్టారు.

వెంట వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పనివాళ్లు మాత్రం కొట్టలేదు, వాళ్ల చేతులు ఖాళీగా లేవు.