మేకల తోట కావలి దొర

ఇందుమూలంగా నగర ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, మేకల తోట పార్కులో అనాదిగా వెలసి ఉన్న శ్రీ కావలి దొరగారి సన్నిధిని నగర స్థాయి చారిత్రక స్థలంగా గుర్తించడమైనది. అనాది అంటే కిందటి వానాకాలం. ఆ సంగతి ఉత్తర్వులో రాయలేదు. ఉత్తర్వు అన్నాక అన్నీ రాయరు.

పార్కు పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో చెప్పాలి. మా దేశాన్ని ఏలిన రోజుల్లో ఫ్రెంచివాళ్లు ఈ తోట వేసింది తమ ఆడవాళ్లు సాయంత్రం పూట గొడుగులు పట్టుకుని తిరగడానికి. మనవాళ్లకు కూడా లోపలికి ప్రవేశం ఉండేది, గడ్డి కోయడానికి. నడిమధ్య ఎత్తుగా రాతి దిమ్మ కట్టి దాని మీద ఒక మీసాల పెద్దమనిషిని నిలబెట్టారు. ఆయన చెయ్యి చాచి నది వైపు చూపిస్తూ ఉండేవాడు. చివరికి ఆయన మనుషులంతా అటే ఓడలెక్కి పోయారు. ఆయన్ని దింపేశాక దిమ్మ మీదికి ఎవరెవరో ఎక్కారు, ఎక్కినవాళ్లు ఎక్కినట్టే దిగారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పార్కు పేరూ మారింది. జనం మాత్రం, కరువు రోజుల్లో అక్కడ మేకలు మేసేవి గనక, మేకల తోట అనే పిలిచారు. ఏ ప్రభుత్వమూ ఆ మేకలను పదవి నుంచి దింపలేకపోయింది.

దేశం ప్రశాంతపడ్డాక, ఖాళీ దిమ్మ మీద ఎవరి విగ్రహం పెట్టాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ ఇప్పటికీ సమావేశమవుతూనే ఉంది. సభ్యుల్లో కొందరు కాలం చేశారు. వారి విగ్రహాల ప్రతిపాదన కూడా పరిశీలనలో ఉంది.

ఇక పార్కుకు మరుగుదొడ్డి లేదని గిట్టనివాళ్లు అంటారు. ఉంది. నీలం పలకలు, నిలువుటద్దం, కిటికీలో పూలకుండీ. ఆదర్శ మరుగుదొడ్ల పోటీలో మొదటి బహుమతి కూడా వచ్చింది. వచ్చిన బహుమతి నిలబెట్టుకోవాలంటే దాన్ని ఎవరూ వాడకూడదు కదా. అందుకని పార్కు మేనేజరు ఖ్వాత్ గారు దానికి తాళం వేసి, తాళంచెవి తన మొలకే కట్టుకున్నారు. జనం అర్థం చేసుకుని దిమ్మ వెనక్కి వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ దిమ్మకు ఇవతల, నాటు బాదం చెట్టు కింద, మియెన్ ఐసు టీ అమ్మేది. ఒక కెటిలు, ఒక ఐసు పెట్టె, పొద్దుతిరుగుడు గింజల సీసా, పిల్లల బడిలో వేసేటంత పొట్టి స్టూళ్లు. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు అన్నం పెట్టింది ఆ చెట్టు నీడే. తెల్లవారకముందే చేతులూపుతూ పాటకు అడుగులేసే ఆడవాళ్లు, పంజరాలు కొమ్మలకు తగిలించి ఎవరి పిట్ట బాగా కూస్తుందో అని పోట్లాడుకునే ముసలాళ్లు, ఆడేవాళ్ల కంటే ఎత్తులు చెప్పేవాళ్లే ఎక్కువగా ఉండే చదరంగం గుంపు, అందరూ ఆమె దగ్గరే గొంతు తడుపుకునేవారు. తడుపుకున్నవాళ్లు కాసేపటికి దిమ్మ వెనక్కి వెళ్లేవారు. ఒక రకంగా ఆమె వ్యాపారమే ఆమెకు పగ.

ఎండ ఎక్కేసరికి అక్కడ ముక్కు పెట్టలేకపోయేవారు. ఖ్వాత్ గారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 'నాగరిక పౌరుడు ఇక్కడ మూత్ర విసర్జన చేయడు' అని బోర్డు పెట్టించారు. తాము నాగరికులం కామని ముందే తెలిసినవాళ్లు నిశ్చింతగా చేశారు. తరువాత 'సంస్కారవంతమైన పార్కు' అని ఇంకా పెద్ద బోర్డు పెట్టించారు. దానివల్ల చాటు దొరికింది. ఆడవాళ్లు కూడా ఆ సౌకర్యాన్ని మెచ్చుకున్నారు.

ఒక పౌర్ణమి నాడు మియెన్‌కు ఒళ్లు మండింది. ఖాళీ పాలడబ్బాలో గుప్పెడు బియ్యం పోసి, మూడు ఊదొత్తులు గుచ్చి, వెలిగించి, దిమ్మ వెనక సరిగ్గా తడి ఆరని చోట పెట్టి వచ్చింది. అక్కడ దేవుడూ లేడు, దయ్యమూ లేదు, ఉన్నదల్లా డబ్బా. మా ఊళ్లో ఇది కొత్తేమీ కాదు. చెత్త పారబోసే మూలలోనూ, కుక్కలూ మనుషులూ పంచుకునే కరెంటు స్తంభం మొదట్లోనూ ఇలా గుచ్చుతూనే ఉంటారు. పోలీసుకు జడవనివాడు పొగకు జడుస్తాడు.

మొదట జడిసినవాడు హువాన్. మోటారు సైకిలు మీద మనుషుల్ని దింపి బతికేవాడు, రోజుకు మూడు గ్లాసుల టీ తాగేవాడు. ఎప్పటిలాగే లేచి వెళ్లాడు, ఎప్పటికంటే తొందరగా తిరిగొచ్చాడు.

"పెద్దమ్మా, దిమ్మ వెనకాల ఎవరున్నారే?"

"ఇప్పుడు చూసొచ్చింది నువ్వేగా."

"ఏం చూశానూ! సగంలో ఆపుకుని పరిగెత్తుకొచ్చా. ఎవరికి పెట్టారు ఆ ఊదొత్తులు? చెప్పు తల్లీ, నా ప్రాణం పోతోంది."

మియెన్ గ్లాసులో ఐసు వేస్తూ, తల ఎత్తకుండానే అంది. "ఎవరో కావలి దొరట. వెనకటికి ఈ తోటకు కాపలా ఉండేవాడట. మంచాయనే గానీ ముక్కు మీద కోపం. తడిపినవాడి నడుం పట్టేస్తాడట."

హువాన్‌కు నడుం నొప్పి ఏళ్ల తరబడి ఉంది. గతుకుల రోడ్ల మీద పొద్దస్తమానం బండి నడిపేవాడికి అది రాక ఏమవుతుంది? కానీ ఏ డాక్టరూ చెప్పలేని కారణం ఇప్పుడు ఒక్క గుక్కలో దొరికింది. మర్నాడు అరటి గెల తెచ్చి, సాష్టాంగపడి, గడిచిన సంవత్సరాలన్నిటికీ కలిపి క్షమాపణ చెప్పుకున్నాడు. నొప్పి తగ్గిందని బండెక్కిన ప్రతివాడికీ చెప్పాడు. తరువాత అది తిరగబెట్టింది గానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

దిమ్మ వెనక నేల ఆరిపోయింది. గాలికి బాదం ఆకుల వాసన వచ్చింది. మియెన్ తన జీవితంలో సుఖపడిన వానాకాలం ఏదైనా ఉంటే అదే.

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. ఇక్కడ దైవాన్నే ఆమె తలచింది, కాబట్టి ఇద్దరికీ కొన్నాళ్లు బాగానే కుదిరింది. పాడ్యమికీ పౌర్ణమికీ జనం రావడం మొదలుపెట్టారు. పరీక్షలు తప్పినవాళ్లు, లాటరీ టికెట్లు కొన్నవాళ్లు, మొగుడు సెల్‌ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్న ఇల్లాళ్లు. కాల్చిన కాగితపు వస్తువు అవతలి లోకానికి చేరుతుంది గనక, దొరగారి వాహనం కోసం కాగితపు గుర్రాన్ని తగలబెట్టారు. ఈ రద్దీలో గుర్రం ఏం నడుస్తుందని ఎవరో అంటే కాగితపు మోటారు సైకిలు తగలబెట్టారు. చట్టం చట్టమే కాబట్టి కాగితపు హెల్మెట్టు కూడా తగలబెట్టారు. వాళ్లు మాత్రం హెల్మెట్టు లేని తలలతోనే బండ్లెక్కి ఇళ్లకు వెళ్లారు.

దొరగారికి ఐసు టీ అంటే ప్రాణమని చెప్పింది మియెనే. చెప్పినందుకు ఆమెకు సిగ్గేమీ కలగలేదు. అన్నేళ్లు ఆ కంపు పీల్చిన ముక్కుకు ఆమాత్రం పరిహారం న్యాయమే అనుకుంది. టీతో పాటు ఊదొత్తులూ అరటిపళ్లూ అమ్మింది. అడిగినవాడికల్లా దొరగారి గురించి ఒక కొత్త ముక్క చెప్పింది. చెప్పగా చెప్పగా ఆమెకే ఆయన మీద కాస్త అభిమానం పుట్టింది.

మూఢనమ్మకాలను ఉపేక్షించేది లేదని ఖ్వాత్ గారు ప్రకటించారు. 'పూజలు నిషేధం' అని బోర్డు కూడా రాయించారు. అయితే ఈలోగా వారి భార్యామణి చాటుగా వెళ్లి మొక్కుకోవడం, వారికి జీతం పెరగడం జరిగిపోయాయి. బోర్డును వృథా చేయడం ప్రజాధనం దుర్వినియోగమవుతుంది. అందుకని దాన్ని తిరగేసి, వెనకవైపు 'దర్శనానికి దారి' అని రాయించారు.

ఇక కావలసింది చరిత్ర. దాన్ని రాసే పని రిటైరైన దామ్ మాస్టారికి అప్పగించారు. ఆయన ఆధారం లేకుండా అక్షరం రాయరని పేరు. పొట్టి స్టూలు మీద కూర్చుని మియెన్ ముందు రికార్డరు పెట్టారు.

"దొరగారు ఏ కాలం వారమ్మా?"

"పాతకాలమే ఉంటుంది మాస్టారూ."

"కత్తి పట్టేవారా, బల్లెమా?"

"కాపలా అన్నాక బల్లెమే పట్టుకుంటారేమో కదండీ."

"బ్రహ్మాండం! నా అనుమానమూ అదే," అని మాస్టారు ఆమె ఇచ్చిన టీ తాగి, ఆనందంతో డబ్బులివ్వడం మరిచిపోయి వెళ్లిపోయారు.

ప్రతిష్ఠ రోజున ఎర్ర జెండాలు, పూలబుట్టలు, వరసగా కుర్చీలు. ఖ్వాత్ గారు మైకు పుచ్చుకున్నారు. "ఫ్రెంచివాళ్ల కుట్రల వల్ల మరుగున పడిన మన కావలి దొరగారిని తిరిగి వెలుగులోకి తెచ్చిన ఘనత మన పార్కు యాజమాన్యానిది! ఆయన బల్లెం పట్టి మన తోటను కాశారు. మనం తాళంచెవి పట్టి కాస్తున్నాం!" చప్పట్లు మోగాయి. పాలడబ్బాకు బంగారు రంగు వేసి అద్దాల పెట్టెలో పెట్టారు. దాని మీది ఆవు బొమ్మను బట్టి దొరగారు వ్యవసాయాన్ని ప్రోత్సహించారని మాస్టారు తేల్చారు. దిమ్మకు నల్లరాతి పలక బిగించారు. అందులో చివరి వాక్యం, 'ఈ చరిత్రకు ఆధారం తోటలోని వృద్ధురాలు శ్రీమతి మియెన్ గారి సాక్ష్యం.' తన పేరు రాతి మీద చూసుకుని మియెన్ కళ్లు తుడుచుకుంది. పలక పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీశారు.

మర్నాడు కాపలావాడు తాడు పట్టుకొచ్చి బాదం చెట్టు చుట్టూ కట్టాడు. పవిత్ర పరిధిలో వ్యాపారం నిషేధం. కెటిలు తీసేయాలి. చెట్టు కింద దొరగారి బొమ్మలు అమ్మే దుకాణం వస్తుంది, అది వ్యాపారం కాదు, సేవ. చేసేది ఖ్వాత్ గారి బావమరిది.

మియెన్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకు పరిగెత్తింది. మేనేజరూ మాస్టారూ ప్రసాదం అరటిపళ్లు తింటున్నారు.

"బాబూ, అక్కడ దొరా లేడు, గిరా లేడు. ఆ డబ్బా పెట్టింది నేను! కంపు భరించలేక పెట్టాను. దొర మాట కూడా నేనే పుట్టించాను. నా చెట్టు నాకు వదిలెయ్యండి."

ఖ్వాత్ గారు లేచి కిటికీ మూశారు. "నెమ్మది పెద్దమ్మా, నెమ్మది. ఎండ దెబ్బ తగిలినట్టుంది. కాసిని మంచినీళ్లు తాగు."

"ఎండా లేదు, దెబ్బా లేదు! ఆ డబ్బా పాలు నేనే తాగాను."

దామ్ మాస్టారు జాలిగా నవ్వారు. "పెట్టింది నువ్వేనమ్మా, ఎవరు కాదన్నారు? ఇంతమంది ఉండగా నీకే ఎందుకు తోచిందీ అని! ఆ చెయ్యి నీది, పెట్టించింది ఆయన."

"పైగా రాతి మీద నీ పేరే ఉంది," అన్నారు ఖ్వాత్ గారు. "నువ్వు అబద్ధమంటే రాయి ఊరుకుంటుందా?"

మియెన్ వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. సాయంత్రం అందరితో పాటు వరసలో నిలబడింది. అద్దాల పెట్టె ముందుకు వచ్చాక చేతులు జోడించి, "దొరా, నా నోట పుట్టినవాడివి. నా చెట్టు నాకిప్పించు" అని మొక్కుకుంది. మొక్కుకుని, నిజంగానే జవాబు కోసం కాసేపు చూసింది. తాను ఎవరిని అడుగుతోందో అప్పుడు తట్టింది. అవమానంతో ఆమెకు ఏడుపొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత భక్తి అనుకున్నారు.

ఇప్పుడు ఆమె పార్కు వెనక గోడ పక్కన, బహుమతి వచ్చిన మరుగుదొడ్డికి ఆనుకుని కూర్చుంటోంది. చెట్టు లేదు, చిరిగిన గొడుగు ఉంది. దిమ్మ వెనక చోటు పోయినవాళ్లంతా ఎక్కడికి వెళ్లాలి? ఆ గోడకే వస్తున్నారు. తాళం ఇంకా తళతళలాడుతూనే ఉంది.

మొన్న మధ్యాహ్నం కంపుకు తల తిరిగి, సంచీలోంచి కొత్త పాలడబ్బా తీసింది. బియ్యం పోసింది. ఊదొత్తులు గుచ్చింది. అగ్గిపుల్ల గీసింది.

స్టూలు మీద హువాన్ ఉషారుగా ముందుకు వంగాడు. "పెట్టు పెద్దమ్మా, పెట్టు! ఈయన దొరగారి తమ్ముడని నేను చెప్తాగా. నా బండెక్కినవాళ్లంతా నమ్ముతారు."

మియెన్ తాడు కట్టిన బాదం చెట్టు వైపు చూసింది. అగ్గిపుల్ల వేలు దాకా కాలింది. ఉఫ్ మని ఊదేసి, డబ్బా సంచీలో పెట్టేసింది.

"వద్దు నాయనా. ఈ కంపు నన్నెప్పుడూ చోటు ఖాళీ చెయ్యమనలేదు."

హువాన్ ఆ మాట అర్థం కాకపోయినా టీ పూర్తి చేశాడు. లేచి, దూరంగా కనిపిస్తున్న దొరగారి సన్నిధి వైపు తిరిగి భక్తిగా దణ్ణం పెట్టుకున్నాడు. తరువాత గోడ మొదట్లో ఊదొత్తి ఏదీ లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, నిశ్చింతగా అటు తిరిగాడు.