కొబ్బరినూనె పెట్టిన ఫ్రేము

ఉద్యోగం పర్మినెంటైన వారానికి అఖిల పుర్రెకు హెడ్‌ఫోన్ ఫ్రేము అతుక్కుపోయింది. హన్మకొండలోని ఆ కాల్‌సెంటర్లో అది అందరికీ జరిగేదే. ప్రొబేషన్లో ఉన్నంతకాలం ఫ్రేమును తీసి పక్కన పెట్టుకోవచ్చు. పర్మినెంటయ్యాక అది జ్ఞానదంతం మొలిచినట్టు కొంచెం సలిపి, కొంచెం దురద పెట్టి, ఎముకలోకి దిగి కూర్చుంటుంది. ఆ రోజు ఆఫీసులో మైసూర్‌పాక్ పంచుతారు. అఖిల తల్లి సమ్మక్క తమ వాడకట్టులో కూడా పంచింది. పంచదా మరి? తండ్రి మార్కెట్లో హమాలీ. ఆ ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి అఖిల. ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి కూడా. ఫ్రేము అతికిన చోట సమ్మక్క పసుపు రాసి, కుంకుమ పెట్టి, దిష్టి తీసింది.

ఎండలు ముదిరాక ఆ ఫ్రేము కిర్రుమనసాగింది.

కంపెనీలో ఇలాంటివి చూడడానికి ఫ్రేముల విభాగం ఉంది. అందులో భూపతి అనే ఆయన అఖిలను స్టూలు మీద కూర్చోబెట్టి పరీక్ష చేశాడు.

"ఆకాశం నీలంగున్నది అనుండ్రి మేడం."

అఖిల అంది. చప్పుడేమీ లేదు.

"నాకు ఉప్మా ఇష్టం."

సన్నగా కిర్రుమంది.

"టెక్నీషియన్ రేపు వస్తారు."

తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు బారుగా కిర్రుమంది.

"ఎడమ మడత," అని భూపతి తేల్చేశాడు. తాను నమ్మని మాట అనేటప్పుడు మనిషి దవడ వెంట్రుకవాసి బిగుస్తుంది. ఆ బిగువు ఎముక గుండా ఫ్రేము మడతకు చేరి, అక్కడ ప్లాస్టిక్కు ప్లాస్టిక్కు ఒరుసుకుంటుంది. ఇందులో వింత లేదు. ఆయన స్క్రూలు బిగించాడు, సందులో వెల్వెట్ పీలిక దూర్చాడు, మళ్లీ ఉప్మా మాట అనిపించాడు. కిర్రు పోలేదు.

"గ్రీజు పెట్టాలె మేడం. హెడ్డాఫీసు నుంచి రావాలె."

"ఎప్పుడొస్తదన్నా?"

"రేపే," అన్నాడు భూపతి. ఆయన ఫ్రేము కూడా కిర్రుమంది. ఇద్దరూ మర్యాదస్తులు కాబట్టి విననట్టే ఉన్నారు.

అఖిల పని ఫ్రిజ్‌లూ ఏసీలూ అమ్మే ఒక కంపెనీ తరఫున ఫిర్యాదులు వినడం. ఎవరు ఏం చెప్పినా చివరికి టెక్నీషియన్ రేపు వస్తారని చెప్పాలి. కిర్రు గురించి ఆమె మీద అప్పటికే రెండు ఫిర్యాదులు ఉన్నాయి. ఇంకొక్కటి వస్తే కంపెనీ ఫ్రేమును వెనక్కి తీసుకుంటుంది. ఫ్రేముతోపాటు చెవులూ వెళ్తాయి. అందులో అన్యాయమేమీ లేదు, అతుక్కుపోయిన దాన్ని విడదీసి ఇవ్వడం ఎవరివల్లా కాదు కదా. అలా ఉద్యోగం పోయిన రాజేశ్వర్ ఇప్పుడు తలకు మఫ్లరు చుట్టుకుని కిరాణాకొట్టు నడుపుతున్నాడు. ఉప్పడిగితే పప్పు కడతాడు గానీ బేరం బాగానే సాగుతోంది.

పక్క సీటు ఫర్జానా ఫ్రేము ఏనాడూ చప్పుడు చేయలేదు.

"నువ్వెట్ల నెట్టుకొస్తున్నవే?" అని అఖిల అడిగింది.

"రేపొస్తరు అన్నంక మనసుల ఇన్షాల్లా అనుకుంట. గప్పుడది అబద్ధం కాదు, దువా అయితది. నువ్వు గూడ మీ దేవుణ్ని యాది చేస్కోరాదు."

అఖిల కొమురెల్లి మల్లన్నను తలుచుకుని చూసింది. మల్లన్న ఎదుటే అబద్ధమాడుతున్నానన్న బెదురుకు దవడ మరింత బిగిసి, కిర్రు రెండింతలైంది.

టీమ్ లీడర్ వినయ్‌సాగర్ ఆమెను పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. "సోమవారం ఆడిటమ్మా. హెడ్డాఫీసోళ్లు నీ పక్కన కూసోని ఇంటరు. కిర్రుమన్నదనుకో, నా చేతుల ఏం లేదు."

"సర్, రారని చెప్తే కిర్రుమనదు సర్."

"నిజం చెప్పొద్దని ఎవరన్నరు? స్క్రిప్టుల ఉంటే చెప్పు."

స్క్రిప్టులో లేదు.

ఆదివారం సమ్మక్క కూతుర్ని ముందర కూర్చోబెట్టుకుంది. సైకిల్ చైనుకైనా, బీరువా తలుపుకైనా, మోకాలి నొప్పికైనా ఆమెకు తెలిసిన మందు ఒకటే.

"కిర్రుమంటే నూనె తాపాలె గని, ఆఫీసుల పొంటి తిరుగుతరా?"

"కంపెనీ గ్రీజు వేరే ఉంటదట అమ్మా."

"నీ కంపెనీ పుట్టకముందే కొబ్బరినూనె పుట్టింది. తల వంచు."

సమ్మక్క ఫ్రేము మడతలు రెండూ నిండేదాకా గిన్నెడు కొబ్బరినూనె పోసింది. అఖిల ఉప్మా మాట అని చూసుకుంది. చప్పుడు సగానికి పైగా తగ్గింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ధైర్యం వచ్చింది.

చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని జడ వేసుకునే ప్రతి ఆడపిల్లకూ తెలుసు. అఖిలకూ తెలుసు గానీ, మండుటెండల్లో ఆ సంగతి తట్టలేదు. సోమవారం ఆఫీసులో ఏసీలు వణుకు పుట్టించేలా తిరుగుతున్నాయి. వినయ్‌సాగర్ "అంతా ఓకేనా?" అని అడిగితే ఆమె "సరే సర్" అన్నట్టు తలను కుడి భుజం వైపు వాల్చింది. సరిగ్గా ఆ వాలులో మడతల్లో నూనె గడ్డకట్టింది. ఫ్రేము కదలలేదు. తలా కదలలేదు.

"మెడ పట్టిందానే?" అంది ఫర్జానా.

"పట్టలే. పేరుకుంది."

ఆడిట్‌కు వచ్చిన ఇద్దరూ అటొకరు ఇటొకరు కూర్చున్నారు. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఓదెలు అనే రైతు లైన్లోకి వచ్చాడు.

"ఫ్రిజ్ సల్లబడ్తలేదు బిడ్డా. మా ఇంటామెకు షుగరు, ఇన్సులిన్ సీసలున్నయి. పక్కింటోళ్ల దాంట్ల పెట్టిన గని, రేపు పొద్దుగాల వాళ్లు తాళమేసి ఊరికి పోతున్నరు. మీ మనిషి రాకుంటే చెప్పు, ఈ సీసలు వట్కోని బస్సెక్కి వరంగల్ల మా చెల్లె ఇంట్ల పెట్టొస్త. ఒస్తడా, రాడా?"

అఖిల కళ్లు స్క్రిప్టు మీదికి వెళ్లాయి. ఓదెలు గొంతు తగ్గించాడు.

"నువ్వు నోటితోటి చెప్పకున్నా మంచిదే. మీకాడ కిర్రుమంటే రానట్టేనని మా ఊళ్లె అందరికెరుకే. ఊకె ఒక్కపారి అను, నేనింట."

రారు అనాలనుకుంది అఖిల. ఉద్యోగం పోయినా, చెవులు పోయినా అనాలనే అనుకుంది. కానీ ఆ మాట అనడానికి తల అడ్డంగా తిరగాలి. తల భుజం మీదికి వాలి, సరే అన్నట్టు ఉంది. ఆ వాలులోంచి జారగలిగిన మాట ఒక్కటే జారింది.

"టెక్నీషియన్ రేపు వస్తారండి."

చప్పుడు లేదు. గడ్డకట్టిన మడతలో ఏదీ ఒరుసుకోలేదు.

"కిర్రు రాలే!" అన్నాడు ఓదెలు సంబరంగా. "సల్లగుండు బిడ్డా. వరంగల్ పోవుడు తప్పింది. రేపు మీ మనిషి రాంగనే సీసలన్ని దీంట్లనే పెట్టుకుంట."

ఆడిట్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంత వినయంగా వాలిన తలను తాము ఎక్కడా చూడలేదన్నారు. మధ్యాహ్నానికే ప్రతి సీటుకూ ఒక కొబ్బరినూనె సీసా వచ్చింది, ఏసీ ఇంకాస్త పెంచారు, ఉద్యోగులందరూ తలలు కుడికి వాల్చి ఫొటో దిగారు. ఫర్జానా తన ఫ్రేముకు అక్కర్లేదని చెప్పింది గానీ, ఫొటోలో బాగుండదని ఆమెకూ పోశారు.

అఖిల దిగులు పడలేదు. ఓదెలు నంబరు ఆమెకు గుర్తుంది. ఇంటికి వెళ్తే ఉక్కకు నూనె కరుగుతుంది. ఫోన్ చేసి అదే మాట మళ్లీ అంటే చాలు, మిగతాది ఫ్రేమే చెప్తుంది. పాసైన గౌరవానికి ఆ సాయంత్రం ఆమెను ఏసీ కారులో దింపారు. దారంతా తల వాల్చుకునే కూర్చుంది.

ఇంట్లో గోడకు కొత్త ఏసీ ఉంది. ఒకతను నిచ్చెన మడుస్తున్నాడు.

"మీ కంపెనోళ్లే పంపిండ్రు," అంది సమ్మక్క, ముఖం వెలిగిపోతుండగా. "నువ్వు పాసైనవట గదా. పగటాల్ల ఫోన్ చేసిండ్రు, అన్నం తినేలోపు మనిషొచ్చిండు."

"అన్నా," అని అఖిల అతన్ని ఆపింది. "నర్సంపేట దిక్కు ఒక ఫ్రిజ్ ఉన్నది..."

"రిపేర్లు నా లైను కాదు చెల్లే. నేను కొత్తయి బిగిస్త," అని అతను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అతని వెనకే సమ్మక్క తలుపు మూసింది.

అఖిల ఫోన్ పట్టుకుని తలుపు దగ్గరికి నడిచింది. బయట ఇంకా సెగ కొడుతోంది. కాసేపు వాకిట్లో నిలబడితే నూనె కరిగిపోతుంది.

"తలుపు తియ్యకు బిడ్డా, సల్లదనమంత పోతది," అంది సమ్మక్క గుసగుసగా. "మీ నాయినకు ఇప్పుడే నిద్ర వట్టింది. ఎండకాలంల ఆయన చెమట పోయకుంట నిద్రపోవుడు నేను చూడనే లేదు."

తండ్రి నిజంగానే హాయిగా నిద్రపోతున్నాడు. మూటలు మోసి కాయలు కాచిన భుజం మీద దుప్పటి కప్పి ఉంది.

అఖిల గడియ మీంచి చేయి తీసింది. "పొద్దుగాలనే లేచి, ఎండల నిలబడి చేస్త," అని పైకే అంది. అని, ఎడమ మడత వైపు మనసు పెట్టి కాసేపు విన్నది. ఏ చప్పుడూ రాలేదు. దాంతో ఆమెకూ నమ్మకం కుదిరింది.