నెల్లూరు జెండా

"మన కస్టమర్ సక్సెస్ టీమ్‌ని చూస్తే ఆస్ట్రేలియా మొత్తం కనపడాలి!" అని మా సీఈఓ క్రెయిగ్ సోమవారం మీటింగులో ప్రకటించాడు. వెనక నిలబడ్డ కస్టమర్ సక్సెస్ టీమ్ చప్పట్లు కొట్టింది. ఆ టీములో అప్పటికి కైలీ, బ్రాడ్, ఇంకో బ్రాడ్, షార్లట్ ఉన్నారు.

మా కంపెనీ సిడ్నీ శివారు పారమాటాలో పళ్ళ డాక్టర్లకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. కొన్న డాక్టర్లు పారిపోకుండా అప్పుడప్పుడూ ఫోన్ చేసి, కుశలమడిగి, బుజ్జగించడమే కస్టమర్ సక్సెస్. నేను ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టర్ని. మిగతా చోట్ల తప్పులు వెతకడం నా ఉద్యోగం కాదు.

టీములోకి కొత్తగా నలుగుర్ని తీసుకోవాలి. రకరకాల జాతులవాళ్ళని ఏరి తెచ్చే ఆ పుణ్యకార్యం ఈశ్వరప్రసాద్ గారికి అప్పగించి, 'డైవర్సిటీ చాంపియన్' అని బిరుదిచ్చారు. మేనేజర్లందరిలో తెల్లగా లేనిది ఆయనొక్కరే. పైగా హారిస్ పార్క్‌లో మా తెలుగు సంఘానికి ఎన్నికల ఖర్చు లేకుండా ఏటేటా అధ్యక్షుడవుతున్న మనిషి. ప్రజాస్వామ్యం మీద అంత పట్టున్నవాడు సిడ్నీలో మరొకడు దొరకడు.

ఆ సాయంత్రమే రిసెప్షన్‌లో కూర్చునే సేలా నన్ను ఆపింది. ఆమెది పసిఫిక్ సముద్రంలో టోంగా అనే చిన్న దీవుల దేశం. చాలాకాలంగా పర్మనెంట్ కాకుండా, గంటల లెక్కన క్యాజువల్‌గానే పనిచేస్తోంది. డాక్టర్లకి కోపమొస్తే ఫోన్లో కైలీని కాదు, సేలానే అడుగుతారు. సేలా, వాళ్ళమ్మ బ్లాక్‌టౌన్‌లో అక్కగారి కారు గరాజ్‌లో కాపురముంటున్నారు. పర్మనెంట్ ఉద్యోగం లేనిదే ఏ ఏజెంటూ ఇల్లు అద్దెకివ్వడం లేదు.

"వంశీ, ఈసారి నాకొస్తుందంటావా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నీకు కాక ఎవరికొస్తుంది?" అన్నాను. నిజంగానే నమ్మి అన్నాను.

మర్నాడు లంచ్‌లో ఈశ్వరప్రసాద్ గారి చెవిన వేశాను.

"బంగారంలాంటి పిల్ల తమ్ముడూ," అన్నారాయన పెరుగన్నం కలుపుకుంటూ. "కానీ డైవర్సిటీ అంటే ఎవర్ని పడితే వాళ్ళని తీసేసుకోడం కాదు. బేలన్స్ ఉండాలి. కోస్తా, తెలంగాణ, సీమ... రేపెవరూ మా ప్రాంతానికి అన్యాయం జరిగిందని వేలెత్తి చూపకూడదు."

"మరి టోంగా ఏ ప్రాంతంలోకొస్తుందన్నగారూ?"

"అదేగా ప్రాబ్లమ్!" అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పులో కపటం లేదు.

ఇంటర్వ్యూల్లో నోట్స్ రాయడానికి నన్ను కూర్చోబెట్టారు. "కస్టమర్ కోపంగా ఉంటే ఏం చేస్తావు?" అని క్రెయిగ్ అడిగేవాడు. "ఏ ఊరమ్మా? ఇంటిపేరేంటి?" అని ఈశ్వరప్రసాద్ గారు తెలుగులో అడిగేవారు.

"మీరేం అడిగారు?" అని క్రెయిగ్.

"కల్చరల్ బ్యాక్‌గ్రౌండ్."

"బ్రిలియంట్!" అని క్రెయిగ్ పొంగిపోయేవాడు.

సేలా వంతు వచ్చింది. కోపంగా ఉన్న కస్టమర్ గురించి అడిగితే, నిన్న ఫోన్లో తిట్టిన డాక్టరు చివరికి తన మనవరాలి పుట్టినరోజుకి రమ్మని పిలిచిన సంగతి చెప్పింది. క్రెయిగ్ పడీపడీ నవ్వాడు. ఈశ్వరప్రసాద్ గారు ఇంటిపేరు అడిగారు. "తౌఫా" అంది.

ఆయన నావైపు వంగి, "మనవాళ్ళలో ఈ ఇంటిపేరు లేదే," అన్నారు. "ఇది రాయకు."

నాలుగు ఉద్యోగాలూ గుంటూరుకొకటి, వరంగల్‌కొకటి, కడపకొకటి, నెల్లూరుకొకటి దక్కాయి. ఇంత నిష్పక్షపాతం నేనెక్కడా చూళ్ళేదు. మొదటిరోజు క్యాంటీన్‌లో ఆ నలుగురూ ఆయన్ని మావయ్యా, మావయ్యా అని పిలుస్తుంటే తెల్లబోయాను.

"మా పెదనాన్నగారిది ఎంత ముందుచూపో చూడు తమ్ముడూ," అన్నారాయన. "నలుగురు కూతుళ్ళనీ నాలుగు జిల్లాల్లో ఇచ్చారు. ఆ కాలంలోనే డైవర్సిటీకి పునాది వేశారు."

రాష్ట్ర స్థాయి డైవర్సిటీ అవార్డు కోసం ఒక జడ్జిగారు వచ్చింది. పెద్దావిడ. కొత్త నలుగుర్నీ వరసగా నిలబెట్టి, ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది.

"గుంటూరు."

"వరంగల్."

"కడప."

"నెల్లూరు," అన్నాడు ఆఖర్న బాలమురళి.

ఆవిడ ఈ పేర్లు ఎప్పుడూ విని ఉండదు. కళ్ళజోడు తీసి కళ్ళొత్తుకుంది. "నాలుగు దేశాలు! ఒక్క గదిలో!" అంది. క్రెయిగ్ కూడా కళ్ళొత్తుకున్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఈశ్వరప్రసాద్ గారు నా కాలు తొక్కారు. "పెద్దావిడ సంతోషంగా ఉంది తమ్ముడూ. ఇప్పుడు భూగోళం చెప్పి బాధపెడతావా?"

ఆ వారంలోనే క్రెయిగ్ సేలాని పిలిచి, ఎంతో బాధపడుతూ చెప్పాడు. "నీకివ్వాలనే ఉంది సేలా. కానీ మన డైవర్సిటీ పూర్తయిపోయింది. టోంగా మన నాలుగు దేశాల్లో లేదు కదా."

సేలా వెళ్ళి మోగుతున్న ఫోన్ ఎత్తింది. నాకు కడుపు మండిపోయింది. ఆ మంటతోనే అవార్డు డిన్నర్‌కి వెళ్ళాను. గొర్రెమాంసం బావుంది.

మార్చిలో, అన్ని జాతులవాళ్ళూ కలిసి జరుపుకునే హార్మనీ డే వచ్చింది. ఎవరి దేశపు జెండా వాళ్ళు పట్టుకుని ఫొటో దిగాలని క్రెయిగ్ ఆజ్ఞ. ఈశ్వరప్రసాద్ గారు జంకలేదు. హారిస్ పార్క్‌లో బ్యానర్లు వేసే అతని చేత ఒక్క రాత్రిలో నాలుగు దేశాలకీ పేర్లతో సహా జెండాలు వేయించారు. గుంటూరు జెండా మీద మిరపకాయ, వరంగల్‌ది తోరణం, కడపది కారం దోసె, నెల్లూరుది చేప. ఇంతకన్నా తక్కువ ఆలోచనతో పుట్టిన జెండాలు ప్రపంచంలో బోలెడున్నాయి.

అంతా సిద్ధమయ్యాక చూస్తే బాలమురళి లేడు. క్రికెట్ మ్యాచ్ ఉందని మధ్యాహ్నమే జారుకున్నాడు. ముఖ్య అతిథిగా పిలిచిన జడ్జిగారు వచ్చేసింది. నెల్లూరు జెండా గోడకి ఆనించి ఉంది. క్రెయిగ్ చుట్టూ చూసి, "సేలా! ఒక్క నిమిషం ప్లీజ్," అన్నాడు.

సేలా జెండా పట్టుకుంది.

"మీ దేశం ఎలా ఉంటుందమ్మా?" అని జడ్జిగారు ఆప్యాయంగా అడిగింది.

సేలా తలెత్తి జెండా మీద పేరు చదువుకుంది. "చాలా బావుంటుంది మేడమ్," అంది. "అక్కడ అందరికీ ఇళ్ళుంటాయి."

ఫొటో కంపెనీ వెబ్‌సైట్‌కెక్కింది. మా టీమ్ అని పైన పెద్ద అక్షరాలు. కింద పేర్లు.

సేలాకి ఆశ పుట్టింది. క్వేకర్స్ హిల్‌లో మా వీధిలోనే ఒక ఇల్లు ఖాళీగా ఉంటే, ఏజెంటుకి ఆ ఫొటో చూపించింది. "మీ కంపెనీవాళ్ళు అవునంటే ఇల్లు మీదే," అని అతను ఆఫీసుకి ఫోన్ చేసి, చేప జెండా పట్టుకున్న ఉద్యోగి గురించి అడిగాడు. కైలీ ఎత్తింది. కైలీ అబద్ధమాడే మనిషి కాదు. వెబ్‌సైట్ తెరిచి, చేప జెండా పట్టుకున్న మనిషి కింద ఏ పేరుందో చదివింది.

"ఆ ఉద్యోగి పేరు బాలమురళి. పర్మనెంటే. చాలా మంచివాడు," అని చెప్పింది.

ఏజెంటు ఆ పేరు మీదే కాయితాలు రాసి ఆఫీసుకి పంపాడు. ఎంత వెతికినా ఇల్లు దొరకని బాలమురళి, ఆస్ట్రేలియాలో మనవాళ్ళకి వాటంతటవే ఇళ్ళొస్తాయని మురిసిపోయి సంతకం పెట్టేశాడు.

వచ్చే ఆదివారం ఆ ఇంట్లో పాలు పొంగిస్తున్నారు. ఈశ్వరప్రసాద్ గారు అందర్నీ పేరుపేరునా పిలిచారు. డైవర్సిటీకి లోటు రాకూడదని రిసెప్షన్ దగ్గర ఆగి, సేలాని కూడా పిలిచారు.

"జెండా మర్చిపోకుండా తీసుకురామ్మా," అన్నారు. "గుమ్మానికి కడదాం."