వయ్యారిభామా, వర్ధిల్లు!

పశువుల బీడులో కలుపు మొలిచిందని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వచ్చిన లక్ష్మిని కాలదన్నుకోవడమంటే ఇదే! నమ్మరా? అయితే మా పాడి ఫారం సంగతి వినండి.

ఇక్కడ ఆవులకంటే దర్జాగా పెరిగేది వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు, ఏ బొకేలోనైనా పెట్టవచ్చు. ముట్టుకుంటే దద్దుర్లు, పీలిస్తే తుమ్ములు, ఆవు నోట పడితే పాలు చేదు. పేరు పెట్టినవాడెవడో గాని రసికుడు!

మందు కొట్టవచ్చుగా అంటారేమో. అంత మాట అనకండి! మాది ఆర్గానిక్ ఫారం. "అది కలుపు కాదోయ్, జీవవైవిధ్యం" అని మా వారు వరండాలో వాలుకుర్చీలోంచి సెలవిస్తారు. అది ఇంకా కుర్చీ కిందికి రాలేదు కాబట్టి ఆయనకు దానిమీద ఎంతో అభిమానం.

అది మా ఇంట అడుగుపెట్టిన తీరు కూడా ముచ్చటైనదే. చవగ్గా వస్తోందని మా వారు ఎక్కడినుంచో లారీ నిండా ఎండుగడ్డి తెప్పించారు. గడ్డితోపాటు గింజలూ దిగాయి. ఆవు కడుపులోంచి పేడలోకి, పేడతోపాటు బీడంతటికీ! ఇంత సమానంగా విత్తనం చల్లే యంత్రం ఎక్కడైనా ఉందా చెప్పండి?

తర్వాత దాన్ని మేస్తాయని మేకల్ని దింపారు. అవి వాసన చూసి, మూతి తిప్పుకుని, నా చిక్కుడు పాదు నేలమట్టం చేశాయి. ఆపైన వెనిగర్ చల్లారు. మేతగడ్డి మాడింది. వయ్యారిభామ మాత్రం తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడింది.

ఇక మిగిలింది ఒకటే దారి. పూత రాకముందే వేళ్లతో సహా పీకడం. ఎవరు పీకాలి? మీరు తెలివైనవాళ్లు, ఊహించే ఉంటారు. నేనూ, మా అత్తయ్యా.

ఎన్ని లాభాలో! జిమ్‌కు వెళ్లే పని లేదు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి అత్తాకోడళ్లకు పోట్లాడుకునే తీరికా లేదు. గ్లౌజులు వేసుకున్నా మోచేతుల దాకా దద్దుర్లే. గోక్కుంటూ కూర్చుంటే ఇంట్లో తోచడం లేదన్న మాటే రాదు!

రెండు నెలల కిందట ఆర్గానిక్ సర్టిఫికెట్ ఇచ్చే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. బీడంతా తిరిగాడు. ఒక్క వయ్యారిభామ కనిపిస్తే ఒట్టు!

"బ్రహ్మాండం సార్! కలుపుకి ఏం వాడుతున్నారు?"

"ఏమీ వాడమండీ. అంతా ప్రకృతే చూసుకుంటుంది" అన్నారు మా వారు, చేతులు వెనక్కి కట్టుకుని.

ప్రకృతి అప్పుడే గ్లౌజులు విప్పి ఆయనకు టీ అందిస్తోంది.

"ప్రకృతికి నడుం పట్టేసిందిరా నాయనా" అని అత్తయ్య గుమ్మంలో కూలబడి గొణిగారు. ఆయనకు వినబడలేదు.

నాకు కోపం వచ్చిందనుకుంటున్నారా? చచ్చినా లేదు. ఏమీ వాడకుండానే కలుపు పోతోందంటే ఇక నేనెందుకు? మర్నాడే పెట్టె సర్దుకుని మా అక్కయ్య ఇంటికి వచ్చేశాను. సరిగ్గా వానలు పడి, కొత్త మొక్క మొలకెత్తే వేళ.

ఈ కాలమ్ ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. పొద్దున మా వారు ఫోన్ చేశారు.

"పాలు చేదొస్తున్నాయే! పోయించుకునేవాళ్లంతా వెనక్కి తెస్తున్నారు. ఎప్పుడొస్తావ్?"

"జీవవైవిధ్యం కదండీ, రుచిలోనూ ఉంటుంది."

"వేళాకోళాలొద్దు. ఆ ఇన్‌స్పెక్టర్ మళ్లీ వస్తానన్నాడు. ఏం చెప్పమంటావ్?"

"ఏమీ వాడట్లేదని చెప్పండి. ఈసారి నిజమే కదా!"

అవతల ఏదో గలాటా. ఫోన్ అత్తయ్య చేతికి వెళ్లింది. ఆవిడ గొంతు తగ్గించి అన్నారు:

"తొందరపడి వచ్చేయకే అమ్మాయ్. వీడికి దద్దుర్లు ఇంకా మణికట్టు దాకే వచ్చాయి."