పదిన్నర వేళ చెరువు

తమ బస్తీ ఉపగ్రహ చిత్రంలో జలాశయంగా నమోదైన రోజు నుంచి ఇటుకల బస్తీ ప్రజలు నీటిలో నివసించసాగారు.

కారణం సులభంగానే తెలిసింది. బస్తీకి తూర్పున ఇరవై అంతస్తుల భవనం లేచింది. ఉపగ్రహం ఎప్పుడు వచ్చినా ఉదయం పదిన్నరకే నగరం మీదుగా వెళ్తుంది. ఆ వేళ భవనం నీడ బస్తీని పూర్తిగా కప్పుతుంది. పైనుంచి చూసే యంత్రానికి నీడా నీరూ ఒకే నలుపు. అసలు చెరువు భవనానికి అవతల ఉంది. దాని మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్నందున అది పచ్చిక మైదానమైంది. అక్కడ ప్లాట్లు కొన్నవారు మునగకుండా నడిచారు; వారి వద్ద రిజిస్ట్రేషన్ పత్రాలున్నాయి.

బస్తీలో మొదట కొంత ఇబ్బంది కలిగింది. చీర కొంగులు పైకి తేలిపోయేవి. పిల్లలు బడికి ఈదుకుంటూ వెళ్లి, మెట్ల మీద ఆరి, లోపలికి పోయేవారు. పొరుగింటివారిని పిలిస్తే ఆ పేరు బుడగలై రేకుల కప్పు దాకా వెళ్లి, అక్కడ మెల్లగా వినిపించేది. ఎవరూ చావలేదు కనుక ఏ శాఖా దీన్ని ప్రమాదంగా పరిగణించలేదు.

ఇస్త్రీ బండి నడిపే బాలనర్సమ్మకు బొగ్గులు అంటుకోలేదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి వచ్చింది. చెరువులోని ఇళ్లు ఆక్రమణలు. వానలకు ముందే వాటిని కూల్చాలని ఆదేశం వచ్చింది. అధికారి స్వయంగా వచ్చి చూస్తే తన ఇల్లు నిలుస్తుందని నమ్మి, ఆమె కార్యాలయం చుట్టూ తిరిగి పటాల అధికారి మురహరిరావును రప్పించింది.

ఆయన బూట్లు గట్టున విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పటం తడవకుండా తలపై పెట్టుకొని బస్తీలోకి దిగారు.

"గిది నీల్లు గాదు సారూ, గా బిల్డింగు నీడ," అన్నది బాలనర్సమ్మ. "జర నిలవడుండ్రి. పొద్దు నెత్తిమీదికొస్తే గదే పోతది."

ఆయన మర్యాదగా నిలబడ్డారు. మధ్యాహ్నానికి నీడ తొలగింది. ఆయన పాదాల కింద దుమ్ము లేచింది.

"సూడుండ్రి, మీ ప్యాంటు ఇస్త్రీ గూడ చెదర్లె. ఇంక నీల్లేడివి?"

"నిజమేనమ్మా," అన్నారాయన. "కానీ ఉపగ్రహం మధ్యాహ్నం రాదు."

నీడ పరచినవారి సంగతేమిటని ఆమె అడిగింది. భవనం నేల మీదే ఉన్నట్లు పటం చెబుతోందని, అందులో లోపం లేదని ఆయన వివరించారు. ఆయన కఠినులు కారు. నిబంధనల్లోనే ఒక దారి వెతికారు. జలాశయంలో మనుషులుంటే ఆక్రమణ, చేపలుంటే కాదు. బస్తీవారు చేపలుగా ఉండేందుకు సమ్మతిస్తే ఏ గోడా కూలదు.

బాలనర్సమ్మకు ఒక అనుమానం వచ్చింది.

"చేపలమైతె మామీద వల ఎవరేస్తరు సారూ?"

"అది వేరే శాఖమ్మా."

బస్తీ సమ్మతించింది. చేపలకు రెప్పలుండవు, మనుషులని పట్టిచ్చేవి కనురెప్పలే కనుక, మళ్లీ ఉపగ్రహం వచ్చే వేళకు అందరూ వాకిళ్లలో నిలబడి, తలలెత్తి, రెప్ప వేయకుండా ఆకాశం వైపు చూశారు. ఒక పసిబిడ్డ కళ్లు మూతపడుతుంటే బాలనర్సమ్మ రెండు వేళ్లతో మృదువుగా తెరిచి పట్టుకుంది. ఆ ఉదయం ఎవరి ఇల్లూ కూలలేదు.